పెరటి ముచ్చటలు: ఇల్లు చేరిన ఊసరవెల్లి పిల్ల

పిల్లవాడు గుప్పిట మూసికొని వాకిట నిలిచి “అమ్మా, ఏమి తెచ్చితినో చెప్పుకో” అనినప్పుడు తల్లి గుండె ఝల్లుమనుట సహజము. ఆ గుప్పిటిలో సీతాకోకచిలుక యుండవచ్చును, కప్పపిల్ల యుండవచ్చును, మరేమైనను ఉండవచ్చును. ఈ ఆషాఢమున మా వైపు కొన్ని ఇండ్లలో ఆ గుప్పిటినుండి వెలువడినది ఊసరవెల్లి పిల్ల. వినగడప, తిరువూరు ప్రాంతములలో మామిడి కోతలు ముగిసిన పిమ్మట తోటలలో ఎండుకొమ్మలను, ఒకదానితో నొకటి పెనవేసికొన్న కొమ్మలను కత్తిరింతురు. నరికిన కొమ్మను వదలక పట్టుకొని యున్న ప్రాణి కొమ్మతోపాటే నేలకు దిగును. పెద్దలకు అది ముడుచుకొన్న ఆకువలె కానవచ్చును. పిల్లల కన్నులకు మాత్రము దాగదు.

“పిన్నిగారూ, దాని కేమి పెట్టవలెను? ఎందులో నుంచవలెను?” అని ఒక్క పక్షములోనే ముగ్గురు సోదరీమణులు నన్నడిగిరి. నాలుగవ ఆమె “చీపురుతో కొట్టించితిని, పాపమా?” అని అడిగినది. నలుగురికిని వేర్వేరుగా చెప్పిన మాటలనే ఈ మాసమున ఒక్కచోట కూర్చి వ్రాయుచున్నాను.

మొదట, వచ్చినది ఊసరవెల్లియే యగునా యని తెలిసికొనవలెను. మనలో చాలమంది తొండను చూచి ఊసరవెల్లి యందురు. కంచెమీద కూర్చుండి తల పైకి క్రిందికి ఆడించుచు, మనిషి అలికిడి వినగానే రివ్వున పరుగిడునది తొండ. దానిలో మగది జతకూడు కాలమున తలయు మెడయు ఎఱ్ఱబార్చుకొనును. రంగు మార్చినది గనుక ఊసరవెల్లి యని పొరపడుదురు. నిజమైన ఊసరవెల్లి పరుగెత్త నేరదు. ఒక్కొక్క అడుగును గాలికి ఊగు ఆకువలె ముందునకు వెనుకకు ఊచి ఊచి, కడు తాపీగా వేయును. శరీరము రెండు ప్రక్కల నొక్కినట్లు పలుచగా నుండును. తలమీద టోపీవంటి ఎత్తు కలదు. తోకను చక్రమువలె చుట్టుకొనును, కొమ్మకు మెలివేసి ఐదవ కాలివలె వాడుకొనును. బల్లి తోక తెగిన మరల మొలచును గాని దీని తోక మరల మొలవదు. కనుక తోక పట్టి లాగరాదని పిల్లలకు మొట్టమొదట చెప్పవలెను.

ప్రపంచమున ఊసరవెల్లి జాతులు రెండువందలకు పైగా నున్నవి. వానిలో సుమారు సగము మడగాస్కరు ద్వీపమునందే కలవు. మన దేశమున నున్నది ఒక్కటే జాతి. దానికి 1768లో లారెంటి యను శాస్త్రజ్ఞుడు ‘కెమేలియో జైలానికస్’ అని నామకరణము చేసెను. సింహళమును బట్టి పేరు పెట్టినను అది మన తోటలలోను పుట్టి పెరుగు ప్రాణియే. బాగుగా ఎదిగినది తోకతో కూడ జానెడున్నర, రెండు జానల లోపు ఉండును. పిల్ల మన చిటికెన వ్రేలికి మించదు.

ఇక విషము మాట. ఊసరవెల్లికి విషము లేదు. కోరలు లేవు. మరీ బెదరించి చేత నొక్కిపట్టినచో నోరు తెరచి బుస కొట్టును, కరచుటకును చూచును. ఆ కాటు చిలుక ముక్కు నొక్కుడంత యైనను ఉండదు. చూపుతోనే రక్తము పీల్చునని ముసలమ్మలు చెప్పుదురు. ఈ మాట తొండ మెడలోని ఎఱుపును చూచి పుట్టినదని నా తలంపు. ఆంగ్లేయులును తొండను ‘రక్తము పీల్చునది’ అనియే పిలిచిరి గనుక ఈ విషయమున వారును మన ముసలమ్మలును ఒక్కటే. ఐరోపావారు పూర్వము ఊసరవెల్లి ఏమియు తినక గాలి భక్షించి బ్రతుకునని గూడ నమ్మిరి. మన పంచాంగములలో బల్లిపాటునకు వలెనే తొండకును ఫలములు వ్రాయుదురు. ఆ ఫలములయందు నమ్మకము గలవారు స్నానము చేసి దీపము పెట్టుకొందురు గాక; ఎక్కడను ‘ఆ ప్రాణిని చంపవలెను’ అని విధి లేదు. నాలుగవ సోదరికి నేను చెప్పిన సమాధాన మిదియే.

చంపకుండుట ఒక ఎత్తు, చూచుట ఒక ఎత్తు. చూడదలచినవారికి ఇంత వినోదమైన జంతువు మన పెరళ్లలో మరొకటి లేదు. దాని కన్నులు గుండ్రని గోపురములవలె బయటికి ఉబికి, చర్మముతోనే కప్పబడి, నడుమ ఆవగింజంత రంధ్రము మాత్రము తెరచుకొని యుండును. ఒక కన్ను ముందునకు చూచుచుండగా రెండవది వెనుకకు చూడగలదు. పురుగు కనబడగానే రెండు కన్నులును ఒక్కటిగా ముందునకు తిరుగును. అప్పుడు నోరు కొంచెము తెరచుకొనును, నాలుక మొన కానవచ్చును, తరువాత ఏమి జరిగినదో మనకు తెలియకముందే పురుగు నోటిలో నుండును. ఆ నాలుక దాని శరీరముకంటె పొడవైనది. రెప్పపాటుకంటె తక్కువ కాలములో వెళ్లి తగులును. నాలుక కొననున్న జిగురు మనుష్యుల ఉమ్మికంటె సుమారు 400 రెట్లు చిక్కనిదని 2016లో శాస్త్రజ్ఞులు కొలిచిరి. కాలి వ్రేళ్లు రెండు మూడు చొప్పున కట్టగా అంటుకొని పటకారువలె కొమ్మను పట్టును. ముందు కాళ్లకు లోపలివైపు మూడు, వెలుపల రెండు, వెనుక కాళ్లకు దీనికి తారుమారు. చెవులు పైకి కానరావు. ఇంత పట్టుగల కాళ్లున్న ప్రాణిని కొమ్మనుండి బలవంతముగా ఊడదీసినచో వ్రేళ్లు బెణుకును, కొమ్మతోనే కదల్చవలెను.

రంగుల మాట చెప్పకున్న ఈ వ్యాసము చదివించుకొనదు. ఎఱ్ఱ వస్త్రముపై నుంచిన ఎఱ్ఱగను, నీలి వస్త్రముపై నుంచిన నీలముగను మారునని పిల్లలు పందెములు వేసికొందురు. అది నిజము కాదు. మన ఊసరవెల్లికి తెలిసిన రంగులు ఆకుపచ్చ, పసుపు, గోధుమ, నలుపు. వానిలోని ఛాయలు, చారలు, చుక్కలు. ప్రొద్దుట చలిగా నున్నప్పుడు ఎండను త్రాగుటకు నల్లబడును. మధ్యాహ్నపు తాపమున పాలిపోవును. నిద్రలో మరింత తెల్లనై రాత్రి దీపము వెలుతురున కొమ్మ చివర కాగితపు ముక్కవలె మెరయును. భయపడినను, కోపించినను, జబ్బుపడినను రంగు మారును. చర్మములోని కణములలో అతిసూక్ష్మమైన స్ఫటికములు వరుసలు తీరి యున్నవనియు, వాని నడుమ ఎడము పెరిగినప్పుడొక రంగును తగ్గినప్పుడొక రంగును ప్రతిఫలించుననియు జెనీవా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2015లో మడగాస్కరు జాతి యొకదానిని పరీక్షించి చెప్పిరి. మాట నిలుకడ లేని మనిషిని ఊసరవెల్లితో పోల్చుట మన అలవాటు. నిజమునకు ఇది లోపలి బాధను చర్మముమీదనే వ్రాసి చూపు ప్రాణి. ఆ వ్రాత చదువ నేర్చినచో దానికి సగము సేవ చేసినట్లే.

చదువ నేర్వనిచో ఏమగునో చెప్పెదను. మా వీధిలోని పదేండ్ల బాలుడొకడు పిల్ల ఊసరవెల్లిని చెప్పుల పెట్టెలో నుంచి తెచ్చి నా ముందు తెరచినాడు. పెట్టెకు రంధ్రములు పొడిచినాడు. అడుగున ఇసుక పోసినాడు. ఒక మూతలో నీరు, ప్రక్కన దాని తలకంటె పెద్దదైన మిడుత. పసివాని ప్రేమలో ఏ లోపమును లేదు. ఐనను ఆ పిల్ల బొగ్గువలె నల్లబడి, పగటివేళనే కన్నులు మూసికొని, పెట్టె మూలకు ఒదిగి యున్నది. మిడుత దాని వీపుమీదుగా నడచుచున్నది.

“పిన్నిగారూ, రాత్రినుండి నీరు త్రాగలేదు. దానికి దాహము వేయదా?” అనినాడు.

“వేయును నాయనా. కాని మూతలోనిది నీరని దానికి తెలియదు. అది పుట్టినది మొదలు ఆకుమీది చినుకునే త్రాగినది,” అని చెప్పితిని.

వెంటనే పెరటిలోని మందార కుండీని వసారాలోనికి తెప్పించి, ఒక పుల్లను దాని కాళ్లముందు అడ్డముగా నుంచగా అది తనంతట ఎక్కినది. పుల్లను కొమ్మకు ఆనించితిమి. ఆకులపై సన్నని తుంపర పడునట్లు నీరు చిలకరించితిమి. చాలసేపు ఏమియు జరుగలేదు. బాలుని తల్లి వచ్చి “వదినా, చచ్చినదేమో, వాడు ఏడ్చును, తీసివేయించండి,” అని గుసగుసలాడినది. తరువాత ఒక కన్ను తెరచుకొన్నది. ఆ కన్ను చుట్టును తిరిగి ఒక ఆకు కొసనున్న బొట్టుమీద నిలిచినది. అది ఆ బొట్టును, దాని ప్రక్క బొట్టును, ఆ పిమ్మట మరికొన్నిటిని త్రాగుచుండగా ఆ తల్లియు కదలక నిలిచి చూచినది. సాయంకాలమునకు నలుపు విరిగి లేత ఆకుపచ్చ తేరినది. మరునాటి ప్రొద్దుట బాలుడే కుండీని మోసికొని, ఆ కొమ్మ నరికిన తోటలోనికే పోయి, ఆ వరుసలోనే నిలిచియున్న చెట్టునకు దానిని ఎక్కించి వచ్చినాడు.

ఇందు చేయవలసినవి, మానవలసినవి గుర్తించుకొనుడు. పగటివేళ దొరికినచో ఆ పూటనే, దొరికిన చోటికే చేర్చుట ఉత్తమము. చీకటిపడినచో మాత్రము ఒక్క రాత్రి ఉంచుకొని, ప్రొద్దెక్కి వెచ్చబడిన పిమ్మట వదలవలెను. రాత్రి అది నిద్రించు ప్రాణి, చీకటిలో వదలిన దిక్కు తెలియక పిల్లులపాలగును. ఆ రాత్రికి పెట్టె వలదు, సీసా వలదు, గాజుతొట్టి అసలే వలదు. గాజులో తన నీడను చూచి మరొక ఊసరవెల్లి యని తలంచి బెదరును. ఆకులు గుబురుగా నున్న కుండీమొక్క చాలును. మందార కాని, కరివేప కాని, మందు చల్లనిదై యుండవలెను. చుట్టును పలుచని దోమతెర కప్పవచ్చును. పంకా గాలి తగులరాదు, పిల్లికిని కాకికిని అందరాదు. నీరు ఆకులమీద చిలకరించుటయే కాని నోటిలో పోయరాదు. పోసినచో ఊపిరితిత్తులలోనికి పోయి చచ్చును. ఒక్క రాత్రి తిండి లేకున్న ప్రమాదము లేదు. నోరు తెరచి పురుగును కుక్కుట ప్రమాదము. అన్నము మెతుకులు, పాలు, రొట్టె దానికి ఆహారములు కావు. రెండు పిల్లలు దొరికినచో రెండింటిని ఒక్క మొక్కపై నుంచరాదు. ఊసరవెల్లి ఒంటరి జీవి, తోడు దానికి సంతోషము కాదు, సంకటము. చేతిలో ఆడించుట, ఇరుగుపొరుగులకు చూపించుట, ఫోనుతో దగ్గరగా పటములు తీయుట — ఇవన్నియు దాని దృష్టిలో పెద్ద పక్షి వచ్చి మీద వ్రాలుట వంటివే.

దాని చర్మపు వ్రాత కొంత చెప్పితిని. మిగిలిన గుర్తులు రెండు మూడు కలవు. కన్ను గోపురము లోనికి దిగియున్న దప్పికకు గుర్తు. పగలు కన్నులు మూసికొని యుండుట జబ్బునకో మిక్కిలి నీరసమునకో గుర్తు. శరీరమును పలుచగా చేసి ప్రక్కకు తిరిగి పెద్దదిగా కనబడుట, గొంతు ఉబ్బించుట, బుస కొట్టుట భయమునకు గుర్తు. అప్పుడు దానిని ఊరక విడిచిపెట్టవలెను. నోరు తెరచుకొనియే ఊపిరి తీయుచున్నచో ఎండ ఎక్కువైనదేమో చూడవలెను. నీడకు మార్చినను తగ్గనిచో అది రోగము.

“ఇంత తెలిసిన తరువాత పెంచుకొనిన నేమి?” అని అడుగుదురని తెలియును. మా వీధి బాలుడును అదియే అడిగెను. దానికి రెండు విధములైన సమాధానము లున్నవి.

ఒకటి దాని పోషణ. పిల్ల ఊసరవెల్లి ఎదుగు వయస్సున ప్రతిదినమును అనేకమైన చిన్న పురుగులను, ప్రాణముతో కదలుచున్నవానిని తినవలెను. అవి దాని రెండు కన్నుల నడిమి వెడల్పునకు మించినవి కారాదు. మొదటి మూడు దినములు పిల్లలు మిడుతలకై పరుగులిడుదురు. నాలుగవ దినమున పాఠశాలలో పరీక్ష వచ్చును. ఐదవ దినమునుండి పురుగులు వెదకు పని ఎవరి తలమీద పడునో గృహిణులకు నేను చెప్ప నక్కరలేదు. పోనీ ఎట్లో తెచ్చి పెట్టితిమనుకొందము. ఒకే రకపు పురుగును పెట్టిన చాలదు. తోటలో అది ఈగను, మిడుతను, చిమ్మటను, సాలీడును మార్చి మార్చి తినును. ఎముకలు గట్టిపడుటకు కాల్షియము కావలెను. ఆ కాల్షియము ఒంటబట్టుటకు ఎండలోని అతినీలలోహిత కిరణములు కావలెను. కిటికీ గాజు వెలుతురును పోనిచ్చును గాని ఆ పనికివచ్చు కిరణములను చాలవరకు అడ్డగించును. ఆ కిరణములు లేక పెరిగిన పిల్లకు కాళ్లు వంకరలు తిరుగును, దవడ మెత్తబడును, నాలుక చాచుటకు బలము చాలక పురుగు ఎదుట నుండగనే ఆకలితో చచ్చును. మన పసిబిడ్డలకు ఎండ తగులనిచో వచ్చు ఎముకల జబ్బు వంటిదే ఇదియు. ఇందులో మరొక చిక్కు కలదు. కుక్కపిల్ల మూలుగును, దూడ అరచును, ఊసరవెల్లి అరవదు. వారములు గడచినను ‘నిదానమైన ప్రాణి గదా, కదలక కూర్చున్నది’ అని మనమనుకొనుచుండగనే దాని పని అయిపోవును.

రెండవది రాజశాసనము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన ఊసరవెల్లిని రక్షింపవలసిన జంతువులలో చేర్చినది. పట్టుటయు, బంధించి ఉంచుకొనుటయు, అమ్ముటయు, చంపుటయు నేరములే. చట్టములో ‘వేట’ అను మాటకు చంపుట యొక్కటే కాదు, పట్టుటయు అర్థముగా వ్రాసియున్నారు. పంజరములోని రామచిలుకకును, తొట్టిలోని నక్షత్ర తాబేలునకును ఇదే చట్టము వర్తించునని చెప్పిన పలువురు గృహిణులు ఆశ్చర్యపడుదురు. పసివాడు తెలియక తెచ్చినదానిని వెంటనే తోటకు చేర్చిన తల్లిని ఎవరు తప్పుపట్టుదురు? తెలిసిన తరువాత పంజరము చేయించుట వేరు.

భాగవతము దశమస్కంధములోని నృగోపాఖ్యానము ఈ సందర్భమున నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. అమరకోశము సరటము, కృకలాసము అను రెండు పేర్లను ఒక్కచోట చెప్పినది. ఆ కృకలాసమునే మనము ఊసరవెల్లి యని చెప్పుకొందుము. నృగుడను రాజు లెక్కలేనన్ని గోవులను దానము చేసినవాడు. ఒకరి కిచ్చిన ఆవు తప్పిపోయి మందలో కలియగా తెలియక దానినే మరొకరి కిచ్చి, ఆ దోషముచేత ఊసరవెల్లియై పాడునూతిలో పడియుండెను. దానిని మొదట చూచినవారెవరు? దప్పికగొని నీరు వెదకుచు వచ్చిన యాదవ బాలురు. చూచి వారు రాళ్లు రువ్వలేదు. జాలిపడి త్రాళ్లు కట్టి పైకి లాగ ప్రయత్నించిరి, చేతకాక పోయి శ్రీకృష్ణునితో చెప్పిరి. ఆయన వచ్చి ఎడమచేత అవలీలగా పైకి తీసెను. కథ చెప్పువారు దానదోషమును, బ్రాహ్మణ స్వమును గూర్చి విస్తరించి చెప్పి ఆ బాలుర మాట ఒక్క నిమేషములో దాటివేయుదురు. నాకు మాత్రము ఆ బాలురే ముద్దు. ఈ కథను పిల్లలకు చెప్పునప్పుడు త్రాడు కట్టిన ఘట్టమువద్ద కొంచెము నిలువుడని నా మనవి.

పట్టణములలో నున్న సోదరీమణులకు ఒక మాట. అక్కడ పెంపుడు జంతువుల దుకాణములలో యెమెను దేశపు ఊసరవెల్లి, మడగాస్కరు ఊసరవెల్లి అని చెప్పి రంగురంగుల పిల్లలను అమ్ముదురు. విదేశీయమైనది గనుక చట్టము అంటదని దుకాణదారు చెప్పవచ్చును. ఆ జాతులును సైటిస్ అను అంతర్జాతీయపు ఒడంబడికలో చేరినవే. అట్టి ప్రాణులు తమ యొద్ద నున్న విషయమును ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెనని 2022లో మన చట్టమును సవరించిరి. కాగితములు చూపలేని దుకాణమున కొనకుడు. పైగా మన దేశపు ఊసరవెల్లినే పైదేశపు పేరు చెప్పి అంటగట్టినచో గుర్తింపగలవారు ఎందరు? పోషణలో పైన చెప్పిన కష్టములన్నియు దానికిని కలవు. మీదుమిక్కిలి దానిని తిరిగి వదలుటకు మన తోట దాని తోట కాదు.

మరి పిల్లలకు ఆ ముచ్చట తీరు మార్గము లేదా? కలదు. ఊసరవెల్లిని ఇంటికి తెచ్చుటకు బదులు అది తానుగా మన పెరటికి వచ్చునట్లు చేసికొనవచ్చును. కంచెను నున్నగా చెక్కి ఇనుపతీగ బిగించిన పెరటికి అది రాదు. ఒక మూల వావిలియో గోరింటయో తీగలతో అల్లుకొని గుబురుగా పెరుగనిచ్చి, అక్కడ పురుగుమందు కొట్టకున్న చాలును. మా ప్రాంతమున పత్తికిని, మిరపకును, మామిడి పూతకును మందులు విరివిగా చల్లుదురు. చేలలో ఆ మందు మానుమనుట నా వశము కాదు, మావారి వశమును కాదు. పెరటిలో మానుట మాత్రము ఇల్లాలి చేతిలోని పని. కూరపాదులమీద పురుగు కనబడిన చేతితో ఏరవచ్చును, వేపగింజల కషాయము చల్లవచ్చును.

మా పెరటి వెనుక కానుగచెట్టుమీద ఒకటి రెండేండ్లుగా కానవచ్చుచున్నది. అదియే ఇదియా, వేరొకటియా నేను చెప్పజాలను. ఉదయము ఎనిమిది గంటల వేళ తూర్పు కొమ్మకు వచ్చి నల్లగా కూర్చుండును. గంట గడచిన పచ్చబడి లోపలికి పోవును. పిల్లలకు ఒక పుస్తకము కుట్టి ఇచ్చితిని. ఏ వేళ, ఏ కొమ్మ, ఏ రంగు, ఏమి తిన్నది అని అందులో వ్రాయుదురు. వ్రాత సంగతి ఎట్లున్నను, కదలక గడియసేపు నిలుచుట అలవడినది. ఇంటిలో నాకు అది చాల మేలు.

అక్టోబరు ప్రాంతమున మరొక జాగ్రత్త కావలెను. ఎన్నడును చెట్టు దిగని ఆడ ఊసరవెల్లి అప్పుడు గ్రుడ్లు పెట్టుటకు నేలకు దిగును. మెత్తని మన్ను చూచి ముందుకాళ్లతో గొయ్యి త్రవ్వి, పది మొదలు ముప్పది వరకు గ్రుడ్లుంచి, మరల మన్ను కప్పి పోవును. అది పూర్తియగుటకు చాలసేపు పట్టును. పరుగెత్తలేని ప్రాణి నడివాకిట కడుపు బరువుతో నేలపై దొరికిన ఆ సమయముననే కర్రలు లేచును. పూలమడిలో మన్ను త్రవ్వుచు కనబడినచో కుక్కను కట్టివేసి, పిల్లలను దూరముగా నిలిపి, దాని పని దానిని చేసికొననిండు. ఆ చోట గుర్తుగా నాలుగు పుల్లలు నాటి కొన్ని నెలలపాటు పారతో త్రవ్వకుండ చూడవలెను.

దారి దాటుచు కనబడినచో అది ఏ దిక్కునకు పోవుచున్నదో ఆ దిక్కుననే వదలవలెను. మనకు నచ్చిన చెట్టు వెనుక వైపున నున్నదని వెనుకకు తెచ్చిన అది మరల దారికే దిగును. చేతితో పట్టవలసిన పని లేదు. పొడవైన కర్రను ముందర నుంచిన ఎక్కును. బండి తగిలియో కుక్క కరచియో నెత్తురు కారుచున్నచో పసుపు, సున్నము, వంటనూనె మొదలైనవి పూయకుడు. ఆకులు వేసిన గాలాడు బుట్టలో నుంచి, పలుచని గుడ్డ కప్పి, అటవీశాఖవారికి కబురుచేసి దగ్గరనున్న పశువైద్యునికి చూపవలెను. ఆ బుట్టను ఎండలో నుంచరాదు. వెంట వచ్చు పిల్లవానిచేత గుడ్డను మాటిమాటికి ఎత్తనీయకుడు.